పాస్టరు గారి అబ్బాయి, 214 కోట్ల సంఖ్య



ఈ నెల మీకు ఒక సంఖ్యనూ ఒక మనిషినీ పరిచయం చేస్తున్నాం. సంఖ్య 214,74,83,647. మాటల్లో చదివితే రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. మనిషి పేరు లియొనార్డ్ ఆయిలర్. కొన్ని పుస్తకాల్లో యూలర్ అని కనిపిస్తుంది. ఇద్దరూ ఒకరే.

ఆయన పేరు మీరు వినకపోయినా, ఆయన గణితం మీ పిల్లల పుస్తకాల్లో ఉంది. పెట్టె, పిరమిడ్ లాంటి ఆకృతుల్లో ముఖాలనూ శీర్షాలనూ కూడి అంచులను తీసేస్తే 2 వస్తుందని చెప్పే సూత్రం ఆయనదే. వృత్తం పాఠంలో వాడే పై గుర్తు అంతటా అలవాటులోకి వచ్చింది కూడా ఆయన పుస్తకాల వల్లే.

ఇక సంఖ్య సంగతి. దాన్ని 1తోనూ, దానితోనూ తప్ప మరే సంఖ్యతో భాగించినా శేషం మిగులుతుంది. అంటే అది ప్రధాన సంఖ్య. ఆ విషయాన్ని ఆయిలర్ 1772లో ప్రకటించారు. అప్పటికి ఆయన అరవై అయిదేళ్ల వయసు వారు. చూపు దాదాపు పూర్తిగా పోయింది. చేతిలో కాలిక్యులేటర్ లేదు.

ఆ లెక్క ఎలా తేలిందో తెలుసుకుంటే, మన ఇళ్లలో తరచూ తలెత్తే రెండు ప్రశ్నల గురించి ఇంకోసారి ఆలోచిస్తాం. పిల్లలు మనం అనుకున్న దారిలో వెళ్లకపోతే ఏం చేయాలి? పరీక్షలో రాని విషయం మీద గంటలు గడిపితే అది దేనికి పనికొస్తుంది?

తండ్రి అనుకున్నది ఒకటి

ఆయిలర్ 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో పుట్టారు. తండ్రి పాల్ ఆయిలర్ చర్చి పాస్టరు. తల్లి మార్గరెట్ కూడా పాస్టరు గారి కూతురే. ఊరి పక్కనే ఉన్న రీహెన్ అనే గ్రామంలో బాల్యం గడిచింది. కొడుకు తనలాగే పాస్టరు కావాలని తండ్రి కోరిక. ఆ రోజుల్లో అది గౌరవమైన వృత్తి, నిలకడైన జీవనం. ఈ రోజు మనం ఇంజినీరింగ్ సీటు గురించో, మెడికల్ సీటు గురించో ఆలోచించినట్టే ఆయనా ఆలోచించారు.

అయితే పాల్ గారికి గణితం మీద ఇష్టం ఉండేది. యువకుడిగా ఉన్నప్పుడు యాకోబ్ బెర్నూలీ అనే గొప్ప గణితజ్ఞుడి పాఠాలు విన్నారు. అందుకే కొడుక్కి మొదటి లెక్కలు ఇంట్లో తానే నేర్పారు. బాసెల్‌లో చేర్పించిన బడిలో గణితం చెప్పేవారు కాదు. తండ్రి అందుకోసం విడిగా ట్యూషన్ పెట్టించారు. పదమూడేళ్ల వయసులో లియొనార్డ్ విశ్వవిద్యాలయంలో చేరాడు.

అక్కడ యాకోబ్ తమ్ముడు యోహాన్ బెర్నూలీ ప్రొఫెసర్. అప్పట్లో యూరప్‌లోని అగ్రశ్రేణి గణితజ్ఞుల్లో ఒకరు. ప్రైవేటుగా పాఠం చెప్పడానికి ఆయనకు తీరిక లేదు. దానికి బదులు కష్టమైన పుస్తకాల పేర్లు చెప్పి, సొంతంగా చదువుకోమన్నారు. అర్థం కానివి ఉంటే శనివారం మధ్యాహ్నం వచ్చి అడగమన్నారు. ఆ కుర్రాడు గురువును వీలైనంత తక్కువ ఇబ్బంది పెట్టాలని వారమంతా తనంతట తానే కుస్తీ పట్టేవాడు. ఏ దారీ దొరకని ప్రశ్నలను మాత్రమే శనివారం తీసుకెళ్లేవాడు. ఒక్క చిక్కు విడిపోతే దాంతోపాటు పది చిక్కులు వాటంతటవే విడిపోయేవని ఆయనే పెద్దయ్యాక గుర్తు చేసుకున్నారు. గణితం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదని కూడా ఆయన అభిప్రాయపడ్డారు.

తండ్రి మాట ప్రకారం లియొనార్డ్ మత గ్రంథాల చదువు మొదలుపెట్టాడు. కానీ మనసంతా లెక్కల మీదే ఉండేది. చివరికి యోహాన్ బెర్నూలీ కల్పించుకుని, ఈ అబ్బాయి గొప్ప గణితజ్ఞుడు అవుతాడని తండ్రికి నచ్చజెప్పారు. పాల్ గారు ఒప్పుకున్నారు. కొడుకు తన నమ్మకాలను వదిలేస్తాడేమోనన్న బెంగ ఆయనకు ఉండి ఉంటే అది నిజం కాలేదు. ఆయిలర్ చివరి వరకూ భక్తిపరుడిగానే జీవించారు. గురువు మాట విని తండ్రి పట్టు సడలించిన ఆ రోజు లేకపోతే ఈ వ్యాసంలో మనం చెప్పుకునే లెక్కే లేదు.

అంతా సాఫీగా సాగిందనుకోకండి. పందొమ్మిదేళ్ల వయసులో బాసెల్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ప్రొఫెసర్ పదవికి దరఖాస్తు చేస్తే ఉద్యోగం రాలేదు. 1727లో ఊరు వదిలి రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్లారు. అక్కడి సైన్స్ అకాడమీలో అప్పటికే యోహాన్ గారి కొడుకు డానియెల్ బెర్నూలీ పనిచేస్తున్నారు. 1733లో డానియెల్ స్వదేశానికి వెళ్లిపోగా గణిత విభాగం పెద్ద పదవి ఆయిలర్‌కు దక్కింది. ఇరవై ఆరేళ్లకు అది పెద్ద స్థానమే.

పది అంకెలతో తొలి పోరు

పీటర్స్‌బర్గ్‌లోనే ఆయనకు పెద్ద సంఖ్యల మీద ఆసక్తి మొదలైంది. కారణం గోల్డ్‌బాక్ అనే మిత్రుడు. 1729లో రాసిన ఒక ఉత్తరంలో ఆయన ఒక విషయం అడిగారు. ఫ్రాన్స్‌కు చెందిన ఫెర్మా నూరేళ్ల కిందట ఒక వరుస సంఖ్యలు చెప్పి, అవన్నీ ప్రధాన సంఖ్యలేనని నమ్మారు. 3, 5, 17, 257, 65,537 వరకు ఆ మాట నిజమే. తర్వాతి సంఖ్య 429,49,67,297. ఇది కూడా ప్రధాన సంఖ్యేనా?

అంత పెద్ద ఫెర్మా మాటను ఎవరూ పరీక్షించి చూడలేకపోయారు. 1732లో పాతికేళ్ల ఆయిలర్ దాన్ని 641 నిశ్శేషంగా భాగిస్తుందని చూపించారు. భాగఫలం 67,00,417. గుడ్డిగా ఒక్కో సంఖ్యతో భాగించుకుంటూ పోతే ఆయనకు అది దొరకలేదు. ఆ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దాన్ని 64తో భాగించినప్పుడు శేషం 1 రావాలని ముందుగా తేల్చుకున్నారు. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641 ఇలా సాగుతాయి. అయిదోదే సరిపోయింది.

ఈ మెళకువను గుర్తుపెట్టుకోండి. నలభై ఏళ్ల తర్వాత ఆయనకు మళ్లీ ఇదే అక్కరకొచ్చింది.

చదరంగంలో 31 గళ్లు

మన సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. చదరంగం బల్ల మీద గింజల కథ మీకు తెలిసే ఉంటుంది. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ పోవాలి. మొదటి రెండు గళ్లలో మొత్తం 3 గింజలు. మూడు గళ్లలో 7. అయిదు గళ్లలో 31. ఏడు గళ్లలో 127. ఇవన్నీ ప్రధాన సంఖ్యలే. 31 గళ్లు నింపితే మొత్తం గింజలు 214,74,83,647. అంటే 2ను 31 సార్లు వేసి గుణించి, అందులోంచి 1 తీసేస్తే వచ్చే సంఖ్య ఇది.

ఇలాంటి సంఖ్యల మీద గ్రీకుల కాలం నుంచే ఆసక్తి ఉంది. 28ని తీసుకోండి. దాన్ని భాగించే చిన్న సంఖ్యలు 1, 2, 4, 7, 14. వాటిని కూడితే మళ్లీ 28 వస్తుంది. ఇలాంటి వాటిని పరిపూర్ణ సంఖ్యలు అంటారు. చదరంగం గళ్ల మొత్తం ప్రధాన సంఖ్య అయితే, దాన్ని చివరి గడిలోని గింజలతో గుణించినప్పుడు పరిపూర్ణ సంఖ్య వస్తుందని యూక్లిడ్ రెండు వేల ఏళ్లకు ముందే రుజువు చేశారు. మూడు గళ్ల మొత్తం 7, చివరి గడిలో 4, గుణిస్తే 28. సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ ఇలా వచ్చేవేనని, వేరే దారే లేదని నిరూపించింది ఆయిలర్.

ఇటలీకి చెందిన కటాల్డి 1603లో ప్రచురించిన పుస్తకంలో 17, 19 గళ్ల మొత్తాలు ప్రధాన సంఖ్యలని చూపించారు. 23, 29, 31, 37 గళ్ల మొత్తాలు కూడా అంతేనని రాశారు. అది పొరపాటు. 23, 37 విషయంలో ఫెర్మా ఆ మాటను తోసిపుచ్చారు. 29 గళ్ల మొత్తాన్ని 1103 భాగిస్తుందని ఆయిలర్ కనిపెట్టారు. నాలుగింటిలో మూడు తప్పాయి. ఇక మిగిలింది 31. అదీ తప్పేనా, అదొక్కటే నిజమా? ఊహించి చెబితే గణితంలో చెల్లదు. లెక్క చేసి తీరాలి.

చూపు పోయినా ఆగని పని

ఈలోగా ఆయిలర్ జీవితంలో చాలా జరిగింది. 1734లో కేథరీనా అనే చిత్రకారుడి కూతురిని పెళ్లి చేసుకున్నారు. పదముగ్గురు పిల్లలు పుడితే బతికి పెద్దవాళ్లయింది అయిదుగురే. 1735లో తీవ్రమైన జ్వరం వచ్చింది. 1738 నాటికి కుడి కన్ను చూపు పోయింది. 1741లో బెర్లిన్ అకాడమీకి వెళ్లి పాతికేళ్లు పనిచేశారు. అక్కడి రాజు రెండవ ఫ్రెడరిక్‌కు మాటకారులైన పండితులంటే ఇష్టం. నిరాడంబరంగా ఉండే ఆయిలర్‌ను ఒంటికన్ను వాడని ఎగతాళి చేసేవాడు. 1766లో ఆయన మళ్లీ పీటర్స్‌బర్గ్ చేరారు.

ఆ తర్వాత రెండో కంటికి శుక్లం వచ్చింది. 1771లో ఆపరేషన్ చేశారు. కొన్నాళ్లు చూపు వచ్చి, తర్వాత ఇన్‌ఫెక్షన్ సోకి పోయింది. అదే ఏడాది నగరంలో జరిగిన అగ్నిప్రమాదంలో ఇల్లు కాలిపోయింది. బాసెల్ నుంచి వచ్చి స్థిరపడిన ఒక పనివాడు ఆయన్ను మంటల్లోంచి మోసుకొచ్చి కాపాడాడు. 1773లో భార్య మరణించారు.

ఇన్ని దెబ్బలు తగిలిన మనిషి పని మానేస్తే ఎవరూ తప్పుపట్టరు. కానీ ఆయన రాసిన 850కి పైగా రచనల్లో దాదాపు సగం 1766 తర్వాతివే. ఆయన చెబుతుంటే కొడుకులు, శిష్యులు రాసుకునేవారు. బీజగణితం మీద ఆయన పుస్తకం జర్మన్ భాషలో 1770లో వెలువడింది. దాన్ని ఆయన నోట వింటూ రాసింది దర్జీ పని నేర్చుకున్న ఒక కుర్రాడు. పుస్తకం పూర్తయ్యేసరికి ఆ కుర్రాడికి బీజగణితం వచ్చేసింది. అంత తేటగా చెప్పేవారన్నమాట.

జ్ఞాపకశక్తి ఆయనకు రెండో చూపులా పనిచేసింది. నూరు లోపు సంఖ్యల ఆరో ఘాతం వరకు ఆయనకు నోటికి వచ్చేవని శిష్యులు చెప్పుకునేవారు.

4,792 నుంచి 372కి

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ఒక సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అని చూడటానికి దాని వర్గమూలం వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. ఉదాహరణకు 100ని రెండు సంఖ్యల లబ్ధంగా రాస్తే, ఆ రెండింటిలో ఒకటి 10కి మించదు. మన సంఖ్య వర్గమూలం 46,340కి కాస్త ఎక్కువ. అక్కడి వరకు ఉన్న ప్రధాన సంఖ్యలు 4,792. ఒక్కో భాగహారానికి మూడు నిమిషాలు వేసుకున్నా 240 గంటల పని. మధ్యలో ఒక్క అంకె తప్పినా మొత్తం వృథా.

ఆయిలర్ పాత మెళకువనే వాడారు. 31 ప్రధాన సంఖ్య కాబట్టి, 31 గళ్ల మొత్తాన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే దాన్ని 31తో భాగించినప్పుడు శేషం 1 రావాలి. ఇంకో షరతు కూడా ఉంది. దాన్ని 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. రెండు షరతులూ కలిపితే, 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 వచ్చే సంఖ్యలే మిగులుతాయి. 46,340 లోపు అలాంటివి 372 కంటే ఎక్కువ లేవు. వాటిలో 3తోనో 5తోనో తెగేవి, ప్రధాన సంఖ్యలు కానివి తీసేస్తే పని ఇంకా తగ్గుతుంది.

అంటే 240 గంటల పని 19 గంటల లోపుకి దిగింది. మిగిలిన వాటిలో ఏదీ నిశ్శేషంగా భాగించలేదు. కటాల్డి ఆధారం లేకుండా రాసిన నాలుగు మాటల్లో ఈ ఒక్కటి నిజమైంది. ఆ ఫలితాన్ని ఆయిలర్ 1772లో ఒక ఉత్తరంలో తెలిపారు. ఆ ఉత్తరం అందుకున్నది కూడా బెర్నూలీ కుటుంబంలోని వ్యక్తే. శనివారం మధ్యాహ్నాల నుంచి ఆ ఇంటితో ఆయన బంధం అలా సాగింది. తర్వాత దశాబ్దాల పాటు మనిషికి తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య అదే. అంతకు ముందున్న రికార్డూ ఆయనదే. 1732లో దొరికిన 67,00,417.

ఇంతకీ ఇది దేనికి?

1811లో ఇంగ్లండ్‌కు చెందిన పీటర్ బార్లో ఒక గణిత పుస్తకం రాశారు. ఆయిలర్ సంఖ్యతో వచ్చే 2305843008139952128 అనే పరిపూర్ణ సంఖ్యను మించినది ఇక ఎవరూ కనిపెట్టరని అందులో జోస్యం చెప్పారు. ఇవి వింతలే తప్ప ఉపయోగం లేనివి కాబట్టి ఇంకెవరూ అంత శ్రమ పడరన్నది ఆయన వాదన. 1876లో ఫ్రాన్స్‌కు చెందిన ఎడ్వర్డ్ లూకా 39 అంకెల ప్రధాన సంఖ్యను నిరూపించడంతో ఆ జోస్యం తప్పింది. ఉపయోగం లేదన్న మాట తప్పడానికి మరికొంత కాలం పట్టింది.

ఈ సంఖ్య నేడు మీ ఇంట్లోని యంత్రాల్లో ఉంది. చాలా కంప్యూటర్ ప్రోగ్రాములు పూర్ణ సంఖ్యను 32 బిట్లలో దాచుకుంటాయి. ప్లస్, మైనస్ గుర్తుకు ఒక బిట్ పోతే మిగిలేవి 31. వాటిలో పట్టే అతి పెద్ద సంఖ్య సరిగ్గా 214,74,83,647. 2014లో గంగ్నమ్ స్టైల్ పాట వీక్షణలు ఈ హద్దు దాటాయి. ఆ లెక్కింపును 64 బిట్లకు మార్చినట్టు యూట్యూబ్ అప్పుడు ప్రకటించింది. పాత పద్ధతిలో 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే కంప్యూటర్లకు మన సమయం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఈ సంఖ్య నిండుతుంది. ఆలోగా వాటిని మార్చే పని ప్రపంచమంతటా నడుస్తోంది.

ఈ రెండు చోట్లా అది ప్రధాన సంఖ్య కావడంతో పని లేదు. మూడో చోట మాత్రం అదే ప్రాణం. ఆటల్లో, శాస్త్ర పరిశోధనల్లో కంప్యూటర్‌కు అడ్డదిడ్డంగా కనిపించే సంఖ్యలు కావాలి. అందుకు ఒక పేరున్న పద్ధతి ఉంది. ఒక సంఖ్యను 16,807తో గుణించి, 214,74,83,647తో భాగించి, శేషాన్ని తీసుకోవాలి. ఆ శేషంతో మళ్లీ అదే చేయాలి. 1తో మొదలుపెడితే 16,807, తర్వాత 28,24,75,249, ఆ తర్వాత 162,26,50,073 వస్తాయి. 214 కోట్లకు పైగా సంఖ్యలన్నీ ఒక్కోసారి వచ్చాకే మొదటిది మళ్లీ వస్తుంది. భాగించే సంఖ్య ప్రధాన సంఖ్య కావడం వల్లే అంత పొడవైన వరుస సాధ్యమైంది.

ఇవేవీ ఆయిలర్ చూడలేదు. 1783 సెప్టెంబర్ 18న ఆయన ఉదయం మనవడికి పాఠం చెప్పారు. అప్పుడే కొత్తగా ఎగిరిన గాలి బెలూన్ల గురించి పలక మీద లెక్కలు వేశారు. మధ్యాహ్నం శిష్యుడితో యురేనస్ గ్రహం కక్ష్య గురించి మాట్లాడారు. ఆ సాయంత్రం మెదడులో రక్తస్రావమై కుప్పకూలారు. ఆ రాత్రే కన్నుమూశారు.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

మీ అబ్బాయితోనో అమ్మాయితోనో ఒక శనివారం మధ్యాహ్నం కూర్చోండి. ఆరో తరగతి దాటిన పిల్లలకు ఇది చక్కగా అందుతుంది.

11 గళ్ల మొత్తం 2,047. అది ప్రధాన సంఖ్యా? మామూలు దారిలో అయితే 45 లోపు ప్రధాన సంఖ్యలతో ఒక్కొక్కటిగా భాగించుకుంటూ పోవాలి. ఆయిలర్ దారిలో 11తో భాగిస్తే శేషం 1 వచ్చే ప్రధాన సంఖ్యలనే చూడండి. మొదటిదే 23. దాంతో భాగించి ఏం వస్తుందో పిల్లలనే చెప్పనివ్వండి.

13 గళ్ల మొత్తం 8,191. వర్గమూలం 90కి కాస్త ఎక్కువ. ఆ లోపు 24 ప్రధాన సంఖ్యలు ఉన్నాయి. 13తో భాగిస్తే శేషం 1, 8తో భాగిస్తే శేషం 1 లేదా 7 రావాలన్న షరతులు పెట్టి చూడండి. మిగిలేది ఒక్కటే సంఖ్య. ఒక్క భాగహారంతో 8,191 సంగతి తేలిపోతుంది. ఆ ఒక్క సంఖ్య ఏదో మేం ఇక్కడ చెప్పడం లేదు.

పిల్లలు వెంటనే చెప్పలేకపోతే మీరూ చెప్పకండి. వారం రోజులు వాళ్ల దగ్గరే ఉంచండి. మళ్లీ శనివారం అడగండి.